ఆమిష్ పల్లెలో రహస్య కథ

బాలసాహిత్యంలోని శాఖలన్నిటిలోను రహస్య కథకున్న ఆకర్షణ మరి దేనికీ లేదనడం అతిశయోక్తి కాదు. నీతికథను పెద్దలు పిల్లల చేతికిస్తారు. రహస్య కథను పిల్లలే వెతికి తెచ్చుకుంటారు. పాఠ్యపుస్తకం మాటున దాచుకుని చదివిన పుస్తకమేదని ఏ పెద్దమనిషిని అడిగినా తరచు రహస్య కథ పేరే చెబుతాడు. ఈ జాతి రచనలను పండితులు చాలాకాలం కాలక్షేపపు సరకుగానే ఎంచినారు. కాని కాలక్షేపపు సరకులో కూడ ఒక ధర్మశాస్త్రం దాగి ఉంటుంది. ఒక తప్పు జరుగుతుంది, చేసినవాడెవడో తెలియదు, తెలివిగల బాలుడొకడు ఆనవాళ్లు ఏరుకుంటూ పోయి వాణ్ణి కనిపెడతాడు, చివరి ప్రకరణంలో పోలీసులు వస్తారు, కథ ముగుస్తుంది. దోషి ఎవరో తెలిసి, వాడు పట్టుబడితే న్యాయం జరిగినట్లే అన్న నమ్మకం మీదనే ఈ కథాప్రపంచమంతా నిలిచి ఉన్నది. ఈ నమ్మకాన్ని బాలుడికి ఎవరూ పాఠంగా చెప్పరు. కథతోపాటు అది వాడిలోనికి ప్రవేశిస్తుంది.

ఇట్టి నమ్మకం చెల్లని చోట రహస్య కథను నడిపితే ఏమవుతుంది? ఇది కేవలం ఊహకు సంబంధించిన ప్రశ్న కాదు. ఉత్తర అమెరికాలోని ఆమిష్ రైతుపల్లెలను రంగస్థలంగా చేసుకుని బాలల సాహస కథలు, రహస్య కథలు పలువురు వ్రాసినారు. వాటిలో కెనడా రచయిత్రి బార్బరా స్మకర్ 1983లో ప్రకటించిన 'ఆమిష్ అడ్వెంచర్' అనే నవలను ప్రధానంగా తీసుకుని, దానికి దగ్గర చుట్టాలైన ఒకటి రెండు కృతులను పక్కన ఉంచుకుని, ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆమిష్ జనులను గురించి కొంత చెప్పుకోవాలి. 16వ శతాబ్దంలో ఐరోపాలో, జ్ఞానస్నానం పసిబిడ్డలకు గాక తెలిసి విశ్వసించిన పెద్దలకే తగునని వాదించిన క్రైస్తవ శాఖలు కొన్ని పుట్టినవి. రాజ్యాధికారులు, మతాధికారులు కలిసి వారిని వేటాడినారు. కత్తి పట్టరాదు, ప్రమాణం చేయరాదు, చెడుగును చెడుగుతో ఎదిరించరాదు అనేవి వారి ముఖ్య నియమాలు. మెనొనైట్లు ఈ కోవకు చెందినవారే. 1693లో యాకోబ్ అమ్మన్ అనే బోధకుడు మరింత కఠినమైన క్రమశిక్షణ కోరి విడిపోగా, ఆయన పేరిట ఆమిష్ శాఖ ఏర్పడినది. 18వ శతాబ్దం నుంచి వీరు పెన్సిల్వేనియాకు వలస వెళ్లినారు. నేడు ఐరోపాలో వీరి సంఘాలు లేవు. అమెరికా, కెనడాలలో కలిపి సుమారు 4 లక్షలమంది ఉన్నారు. ఈ శాఖకు మూలం పంచుకున్న మెనొనైట్ల పేరు తెలుగు పాఠకులకు కొత్త కాదు. మెనొనైట్ బ్రెదరెన్ మిషనరీలు 19వ శతాబ్దం చివరినుంచే నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలకు వచ్చినారు.

వీరు ఇంట్లో ఒక జర్మన్ మాండలికం మాట్లాడుతారు. బడిలో ఇంగ్లీషు నేర్చుకుంటారు. చదువు ఎనిమిదో తరగతితో ముగుస్తుంది. ఆ హక్కును అమెరికా సుప్రీంకోర్టు 1972లో గుర్తించినది. ప్రయాణానికి గుర్రపు బండి, దీపానికి కిరసనాయిలో గ్యాసో వాడుతారు. యంత్రం పాపమని కాదు. ఒక వస్తువు ఇంట్లోకి వస్తే ఇరుగుపొరుగుతో సంబంధం ఏమవుతుందని వారు ముందు ఆలోచిస్తారు. కొన్ని పల్లెలలో టెలిఫోను ఉంటుంది, కాని ఇంట్లో ఉండదు. పొలం గట్టున చిన్న గదిలో ఉంటుంది. ఇట్టి నియమాలను ప్రతి సంఘమూ తనకై తాను నిర్ణయించుకుంటుంది.

రహస్య కథ వ్రాసేవారు ఈ పల్లెలను కోరుకోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. నేటి నగరంలో చీకటి లేదు, దూరం లేదు, ఒంటరితనం లేదు. జేబులో ఫోను ఉన్న బాలుడు అడవిలో తప్పిపోవడమెట్లా? ఆమిష్ పల్లెలో ఈ సౌకర్యాలన్నీ రచయితకు తిరిగి దక్కుతవి. లాంతరు వెలుగు చేరని మూలలున్నవి. కబురు పంపాలంటే గుర్రాన్ని బండికి కట్టవలె. కాని పల్లెను ఇంతవరకే వాడుకుంటే అది తెర మీద చిత్రించిన బొమ్మ మాత్రమే అవుతుంది. ఆ తెర తీసి మరొకటి వేసినా కథ మారదు. నల్లటోపీలు, గుర్రపు బండ్లు చూపించి, అదే దొంగను అదే పద్ధతిలో పట్టించే పుస్తకాలు అనేకం. వాటిని చదివిన పిల్లలకు ఆమిష్ వారి దుస్తులు తెలుస్తవి గాని ఆమిష్ వారు తెలియరు.

నిజానికి ఈ పల్లెలో రహస్య కథకు సౌకర్యాలకంటె చిక్కులే ఎక్కువ. ఇక్కడివారు న్యాయస్థానంలో దావా వేయరు; సాక్ష్యం చెప్పవలసివచ్చినా ప్రమాణం చేయరు. సాధారణంగా భీమా చేయించుకోరు. ఒకరికి నష్టం వస్తే తక్కినవారు పంచుకుంటారు. అందువల్ల భీమా సొమ్ముకై యజమానే నిప్పు పెట్టుకున్నాడనే పాత ఎత్తు ఇక్కడ పారదు. దోషి దొరికితే వాణ్ణి ఏం చేయాలన్న ప్రశ్నకు పల్లె ఇచ్చే సమాధానం, కథ కోరే సమాధానం ఒకటి కావు. రచయిత ప్రతిభకు అసలు పరీక్ష ఇక్కడనే.

స్మకర్ నవలను ఈ దృష్టితో చూడాలి. ఆమె 1915లో కాన్సాస్ రాష్ట్రంలో మెనొనైట్ కుటుంబంలో పుట్టినది, 1969లో కెనడాకు వెళ్లి ఆంటారియోలో స్థిరపడినది, 2003లో మరణించినది. బానిసత్వం నుంచి తప్పించుకుని కెనడా చేరిన బాలికల కథ 'అండర్‌గ్రౌండ్ టు కెనడా' (1977) ఆమెకు పేరు తెచ్చినది. రష్యా విప్లవకాలంలో అక్కడి మెనొనైట్లు పడిన కష్టాలు 'డేస్ ఆఫ్ టెర్రర్' (1979)కు వస్తువు. ఈ రెండింటిలోను పారిపోయేవారున్నారు, వారికి తలుపు తీసేవారున్నారు. మూడవ పుస్తకంలో కూడ రచయిత్రి మనసు ఆ తలుపు మీదనే ఉన్నది.

కథ క్లుప్తంగా ఇది. షికాగోకు చెందిన పన్నెండేళ్ల ఇయాన్ మెక్‌డోనాల్డ్ ప్రయాణిస్తున్న కారు ఒక ఆమిష్ రైతు గుర్రపు బండిని ఢీకొంటుంది. రైతుకు గాయాలు తగులుతవి. ఆ బాలుడు ఆ రైతు బెండర్ కుటుంబంతోనే ఉండవలసివస్తుంది. పొలం పనులు నేర్చుకుంటాడు. ఆ ఇంటివారిమీద ప్రీతి పెంచుకుంటాడు. తరువాత కొట్టం తగలబడుతుంది. ఆమిష్ రైతుకు కొట్టమంటే పశువులు, గడ్డి, ధాన్యం అన్నీ ఒకే కప్పు కింద ఉండే పెద్ద చెక్క కట్టడం. అది పోతే ఏడాది బ్రతుకు పోయినట్లే. చుట్టుపక్కలవారందరు కూడి వచ్చి కొత్త కొట్టం లేపుతారు. రహస్య కథలోని చిక్కు విప్పి చెప్పడం విమర్శకుడికి మర్యాద కాదు గనుక, తక్కినది పాఠకుడికే వదలుతున్నాను.

నవల బలమంతా మొదటి ఘట్టంలోనే ఉన్నదని నా అభిప్రాయం. డిటెక్టివ్ కళ్లతో చూస్తే కారు బండిని ఢీకొనడం ఒక నేరం. కారులోని వారు దోషుల పక్షం. రైతు ఇంటివారి కళ్లతో చూస్తే ఆ కారులోనుంచి దిగినవాడు దిక్కులేని పసివాడు, అతిథి. తమ యజమాని మంచం పట్టడానికి కారణమైన వాహనంలో వచ్చిన పిల్లవాడికి ఆ ఇంట్లోనే పక్క పరుస్తారు. ఎవరూ ఉపన్యాసం చేయరు. తప్పు జరిగిన తరువాత ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు మొదటే చెప్పబడినది. కొట్టం తగలబడిన తరువాత జరిగేదంతా ఆ జవాబు పెద్ద ప్రమాణంలో మరల వినిపించడమే. అందుకే ఎవరు తగలబెట్టినారన్న ప్రశ్నకంటె, మరునాటి ఉదయం ఎవరెవరు సుత్తులు పట్టుకుని వస్తారన్నదే పాఠకుణ్ణి ఎక్కువ ఆకర్షిస్తుంది. ఇది రహస్య కథకు లోపమని కొందరనవచ్చు. దాని విశేషమే అదని నేనంటాను.

ఇది కల్పనలో మాత్రమే జరిగేది కాదు. 1992 మార్చిలో పెన్సిల్వేనియాలోని బిగ్ వాలీ అనే లోయలో ఒక రాత్రి ఆమిష్ రైతుల కొట్టాలు కొన్నిటికి నిప్పు పెట్టినారు, పశువులెన్నో చచ్చినవి. పోలీసులు తమ పని చేసినారు. రైతులు దానికై ఎదురుచూస్తూ కూర్చోక, బూడిద ఎత్తివేసి తిరిగి కట్టడం ప్రారంభించినారు.

స్మకర్ నవలకు ఒక పరిమితి కూడ ఉన్నది. కథ బయటి బాలుడి కంటితో నడుస్తుంది. అతడు తెలుసుకోదలచినది ఏం జరిగిందని. లోపలి బాలుడికి కలిగే చిక్కు చెప్పాలా వద్దా అని. తెలుగులో ఈ రెండింటికీ రహస్యమనే మాటే చెల్లుతుంది: తెలియనిది రహస్యమే, దాచినదీ రహస్యమే. ఈ రెండవ రహస్యాన్ని చూడదలచినవారు వర్జీనియా సోరెన్‌సెన్ 1955లో వ్రాసిన 'ప్లెయిన్ గర్ల్' చదవాలి. అందులో నాయిక ఎస్తేర్ ఆమిష్ బాలిక. అన్న ఇల్లు విడిచి వెళ్లిపోయినాడు. అతడి పేరెత్తడమే ఇంట్లో కష్టం. చట్టానికి లొంగి తండ్రి ఆమెను బయటి బడికి పంపుతాడు. అక్కడ గులాబిరంగు గౌను తొడుక్కున్న మేరీ అనే పిల్ల స్నేహితురాలవుతుంది. ఒకనాడు వారిద్దరూ దుస్తులు మార్చుకుంటారు. నిప్పు లేదు, దొంగ లేడు. ఒక గౌను రంగు మాత్రమే. కాని ఆ రంగు మీద కోరిక కలగడం, దానిని దాచడం, తండ్రి కళ్లలోకి చూడలేకపోవడం — ఇంత ఉత్కంఠ కొట్టం తగలబడినప్పుడు కూడ లేదు. రెండు పుస్తకాల గుణాలు ఒకచోట చేరిన నవల వస్తే ఈ శాఖకు పరిపూర్ణత కలుగుతుంది.

ఆమిష్ వారికి తమదైన సాహస కథ లేదా? ఉన్నది. 1660లో డచ్చి భాషలో వెలువడిన 'మార్టర్స్ మిర్రర్' అనే బృహద్గ్రంథం మతంకోసం ప్రాణాలిచ్చినవారి చరిత్ర. దాని జర్మన్ అనువాదం 1748-49లో పెన్సిల్వేనియాలోని ఎఫ్రటాలో అచ్చయినది. నేటికీ ఆమిష్ ఇళ్లలో అది కనిపిస్తుంది. అందులో డర్క్ విలెమ్స్ కథ ఒకటి. 1569లో హాలండులోని ఆస్పెరెన్ ఊరిలో అతడు చెర తప్పించుకుని, గడ్డకట్టిన నీటిమీదుగా పారిపోతున్నాడు. వెంటాడుతున్న భటుడి కాళ్ల కింద మంచు పగిలి వాడు నీళ్లలో పడినాడు. విలెమ్స్ వెనుదిరిగి వచ్చి వాణ్ణి బయటికి లాగినాడు. ఫలితంగా తాను పట్టుబడినాడు, సజీవంగా దహింపబడినాడు.

ఇందులో సాహస కథకు కావలసినవన్నీ ఉన్నవి: చెర, పలాయనం, వెంటాడడం, పగిలే మంచు. కాని కథ మలుపు తిరిగే చోట, మన అలవాటును కాదని, పారిపోయేవాడు వెనుకకు వస్తాడు. వెంటాడేవాడు మునిగితే అమ్మయ్య అనుకోవడానికి సిద్ధంగా ఉన్న బాల పాఠకుడి మనసు ఆ క్షణాన కలత చెందుతుంది. పైగా ఈ కథలో మంచికి మంచి ఫలితం లేదు. ఈ కథ విని పెరిగిన పిల్లవాడు దొంగను పట్టే కథను మనవలె చదవలేడు. ఆమిష్ పల్లె మీద రహస్య కథ వ్రాయదలచినవారు ముందు ఈ కథను తెలుసుకోవాలి.

ఇదే చిక్కు పెద్దలకోసం తీసిన ఒక చలనచిత్రంలోను కనిపిస్తుంది. పీటర్ వియర్ దర్శకత్వంలో 1985లో వచ్చిన 'విట్‌నెస్'లో శామ్యూల్ అనే ఆమిష్ బాలుడు ఫిలడెల్ఫియా రైల్వేస్టేషనులో ఒక హత్య చూస్తాడు. హంతకుడు పోలీసు ఉద్యోగే. పోలీసు కార్యాలయంలో వాడి ఫొటో కనిపించినప్పుడు బాలుడు మాట్లాడడు, వేలు చూపుతాడు. చివరి ఘట్టంలో ఆయుధాలతో వచ్చినవారు పొలంలో చొరబడినప్పుడు బాలుడు గంట కొడతాడు. ఇరుగుపొరుగువారు పొలాలకు అడ్డంపడి పరుగెత్తివచ్చి ఊరకే నిలబడతారు. ఇంతమంది కళ్లముందు తుపాకి పేల్చలేక చివరివాడు లొంగిపోతాడు. ఆ గంట అందమైన కల్పన. కాని దానికి ముందు అదే పొలంలో ఇద్దరు చస్తారు. చిత్రం రెండు ధర్మాలనూ వాడుకుని, ప్రేక్షకుడికి రెండు తృప్తులూ కలిగించినది. బాలల నవలకు ఈ వెసులుబాటు లేదు. అది ఒక దారి ఎన్నుకోక తప్పదు.

ఇంతవరకు చెప్పినదానికి ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది, దానిని దాటవేయరాదు. క్షమించడం గొప్పదే. కాని ఎవరు క్షమించాలి? దెబ్బ తగిలినవాడా, సంఘమా? సంఘపెద్దలు తొందరపెట్టగా బాధితులు నోరు మూసుకోవలసివస్తే అది క్షమ కాదు. ఆమిష్ కుటుంబాలలో ఆడపిల్లలపై జరిగిన అత్యాచారాలను సంఘంలోనే ఒప్పుకోలుతో ముగించిన ఉదంతాలు ఇటీవలి దశాబ్దాలలో అమెరికా పత్రికల ద్వారా, న్యాయస్థానాల ద్వారా బయటికి వచ్చినవి. 2011లో ఒహైయో రాష్ట్రంలో ఒక ఆమిష్ వర్గంవారే ఇతర ఆమిష్ పెద్దల గడ్డాలను బలవంతంగా కత్తిరించినారు. 2012లో ఫెడరల్ కోర్టు 16 మందిని దోషులుగా తేల్చినది; అందులో ద్వేషనేరపు నిర్ణయాలను 2014లో పై కోర్టు కొట్టివేసినది. కనుక పల్లె అంతా మంచివారు, దుర్మార్గుడు ఎల్లప్పుడు బయటినుంచే వస్తాడు అన్న బాలకథల సంప్రదాయం సత్యదూరం. పొగడ్తే అయినా అది ఆ జనులను మనుషులుగా గాక మైనపు బొమ్మలుగా చూడడమే. పిల్లలకు చెప్పడమెట్లా అని వెనుకాడవచ్చు. కాని దాచిన తప్పును పెద్దలకు చెప్పే ధైర్యం కూడ బాలుడి సాహసమే. సోరెన్‌సెన్ తాకి వదలిన రెండవ రహస్యం ఇక్కడికే దారితీస్తుంది.

అయినా ఈ ఆక్షేపణ క్షమనే కొట్టివేయదు. 2006 అక్టోబరు 2న పెన్సిల్వేనియాలోని నికెల్ మైన్స్ గ్రామంలో ఒక బయటివాడు ఆమిష్ బడిలో ప్రవేశించి పదిమంది బాలికలను కాల్చినాడు. అయిదుగురు మరణించినారు, వాడూ తనను తాను కాల్చుకున్నాడు. శిక్షించడానికి దోషి మిగలలేదు. వాడి భార్యాబిడ్డలను పలకరించడానికి ఆమిష్ పెద్దలు వెళ్లినారు. వాడి అంత్యక్రియలకు, తమ కూతుళ్లను పోగొట్టుకున్నవారితో సహా, హాజరైనారు. కొద్దిరోజులలో ఆ బడిని పడగొట్టి నేలను పచ్చిక బయలుగా వదలివేసినారు. 2007 ఏప్రిల్ 2న సమీపంలో కొత్త బడి తెరిచినారు. ఇక్కడ క్షమ ఏ తప్పునూ దాచలేదు. తప్పు లోకానికంతటికీ తెలుసు; దోషి పేరు తెలుసు. తెలిసిన తరువాత ఏం చేయాలో అదే వారు చేసినారు. ఈ రెండు రకాల క్షమలకు గల భేదాన్ని, తప్పును కప్పే క్షమను, తప్పు బయటపడిన తరువాత వచ్చే క్షమను, బాలుడికి తెలిసేటట్లు చెప్పగల సాధనం రహస్య కథే. సత్యాన్ని వెలికితీయడం దాని స్వభావం. ఆమిష్ పల్లె దానిని ఆపమనడం లేదు. ఆ తరువాత మరొక ప్రకరణం వ్రాయమంటున్నది.

ఈ విచారం భారతీయ పాఠకుడికి దూరపుదేమీ కాదు. పెన్సిల్వేనియాకు చెందిన డేనియల్ మస్సర్ అనే మెనొనైట్ 1864లో అప్రతిఘటన ధర్మాన్ని సమర్థిస్తూ ఒక గ్రంథం వ్రాసినాడు. టాల్‌స్టాయ్ తన 'ది కింగ్‌డమ్ ఆఫ్ గాడ్ ఈజ్ వితిన్ యూ' (1894)లో దానిని గురించి చర్చించినాడు. టాల్‌స్టాయ్ పుస్తకం దక్షిణాఫ్రికాలో గాంధీజీ మనసుపై ఎంత ముద్ర వేసినదో ఆయన ఆత్మకథలోనే చెప్పుకున్నారు. మంచు మీద వెనుదిరిగిన మనిషి సంప్రదాయం ఆ విధంగా మన దేశచరిత్ర దాకా వచ్చినది. అయితే మన బాలల రహస్య కథలు మాత్రం ఆ దారిన పోలేదు. 1965లో 'సందేశ్' పత్రికలో అవతరించిన సత్యజిత్ రాయ్ 'ఫెలూదా' మొదలు వివిధ భాషలలో వచ్చిన మేలైన కథలు బుద్ధి చురుకుదనాన్ని, దేశసంచారంలోని ఆనందాన్ని పిల్లలకు పంచినవి. దోషి తేలిన తరువాత ఊరు వాడితో ఎట్లా బ్రతకాలన్నది అరుదుగానే వాటికి ప్రశ్న అయినది. మన పల్లెలలో కూడ గడ్డివాములు తగలబడుతవి. తగలబెట్టినవాడు తరచు పక్క ఇంటివాడే. మరునాడు ఇద్దరూ ఒకే బావి దగ్గరకు రావలె.

స్మకర్ నవల మహాకావ్యం కాదు. వాక్యం సాదాగా నడుస్తుంది. కొన్ని పాత్రలు గీత గీసినట్లే ఉంటవి. కాని పుస్తకం మూసిన బాలుడికి ఇయాన్ ఏ ఆనవాలు కనిపెట్టినాడో మరపున పడవచ్చు గాని, గాయపడిన రైతు ఇంట్లో తనకు పక్క పరచిన రాత్రి మరపుకు రాదు. కాలక్షేపానికై చదివిన పుస్తకం అంతపాటి జ్ఞాపకం మిగిల్చితే దానిని సాహిత్యమని ఒప్పుకోవడానికి మనకు సంకోచం ఉండనక్కరలేదు.